సిలీపర్ల నడక

మా ఎస్తేరక్క నడక చూసి, మా ఖరిదా పేటలో కొత్తగా దిగినవాళ్ళు ఈవిడ ఏ దొరల బంగళాలో పుట్టిందో అనుకుంటారు. నిటారుగా నడుము, చిన్న చిన్న అడుగులు, కొలిచినట్టు ఒకే తీరున మడమ చప్పుడు. పుట్టింది మాత్రం రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, కీమ్యాన్ ఆమోసు ఇంట్లో. ఆ నడక రావడానికి రెండు నెలలపాటు నా చెయ్యి ఎంత నలిగిందో నాకు తెలుసు. ఎవరైనా ఆ నడకను మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అక్కకి ఇంకా ఎక్కువ మండుతుంది.

సంగతి 1987 నాటిది. రోజూ తెల్లారగానే సుత్తీ పానా భుజాన వేసుకుని, నిమ్‌పురా యార్డు దాటాక మొదలయ్యే తన బీటు పొడుగునా నడవడం నాన్న పని. పట్టాలను, వాటి కింద అడ్డంగా పరిచిన సిలీపర్లకు పట్టి ఉంచే ఇనప కీలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. వదులైనదాన్ని కొట్టి బిగించాలి. ముప్పైయేడేళ్ళు అదే దారి, అదే నడక. ఆ ఏడు డిసెంబరు ఆఖరుకి ఆయన రిటైరు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. టెక్కలి దగ్గర మాకొక ఊరుందని చెప్పుకోవడమే గాని అక్కడ మాకు గోడా లేదు, పలకరించే మనిషీ లేడు. తాతల నాడే రైలు పనికని ఈ బెంగాలీ ఊరికి వచ్చేశాం. అక్క ఉద్యోగం నిలబడితే ఖరిదాలో ఒక వాటా అద్దెకు తీసుకుని ఇక్కడే ఉండిపోవచ్చు. నిలబడకపోతే సామాను కట్టుకుని, ఎవరూ లేని ఆ ఊరికి పోవాలి. మా అమ్మ సరోజమ్మ ఆ ఏడు వంకాయ కూర గురించి మొదలుపెట్టినా చివరికి ఈ మాట దగ్గరికే వచ్చి కళ్ళు తుడుచుకునేది.

అక్క ఉద్యోగం సౌత్ సైడ్‌లో, ఒక పాత బంగళాలో నడిచే చిన్న ఇంగ్లీషు బడిలో. ఆ బడి ఇప్పుడు లేదు, బంగళా కూడా లేదు. నడిపే ఆవిడ మిసెస్ విల్‌ఫ్రెడ్. ఆంగ్లో ఇండియన్. భర్త రైలు డ్రైవరుగా చేసి పోయాడు, తోబుట్టువులంతా ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు, ఈవిడ ఒక్కతే మిగిలింది. అక్క ఇంగ్లీషు విని సంతోషపడింది. చేతిరాత చూసి మరీ సంతోషపడింది. ఆ తరవాత కిందికి చూసి, అక్క కాళ్ళకున్న రబ్బరు చెప్పులు చూసింది.

ఆవిడ లెక్క వేరు. టీచరు వస్తోందని పిల్లలకు పది గజాల దూరం నుంచే వినబడాలట. మడమ చప్పుడు వింటే క్లాసు దానంతట అదే సర్దుకుని కూర్చుంటుందట. రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేది ఆయా తప్ప టీచరు కాదట. ఇదంతా చెప్పి, లోపలికెళ్ళి, తన చెల్లెలు వదిలేసి వెళ్ళిన నల్లటి హీల్స్ ఒక జత తెచ్చి అక్క చేతిలో పెట్టింది. మడమ రెండున్నర అంగుళాలు ఉంటుంది, అడుగున నా బొటనవేలి గోరంత. ఇన్ని చెప్పిన ఆవిడ కాళ్ళకు మాత్రం గుడ్డ జోళ్ళు. మోకాళ్ళ నొప్పులట. ఆ మాట అక్క ఇంటికొచ్చి చెప్పినప్పుడు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఇక్కడ మా నడక సంగతి కొంచెం చెప్పాలి. మాకు నడక వచ్చిందే పట్టాల మధ్య. మధ్యాహ్నం నాన్నకు అన్నం పట్టుకెళ్ళడం ముందు అక్క పని, తరవాత నాది. నాలుగు గిన్నెల క్యారియరు, అడుగు గిన్నెలో చారు. ఎండకి కంకర నిప్పుల్లా ఉంటుంది, పైగా అడుగు పడగానే జారుతుంది. అందుకని సిలీపరు మీంచి సిలీపరు మీదికి అడుగు వెయ్యాలి. సిలీపరుకీ సిలీపరుకీ మధ్య రెండడుగుల దూరం. అది చిన్నపిల్లకైనా రెండడుగులే, పెద్దవాళ్ళకైనా రెండడుగులే. మోకాలు ఎత్తి, కాలు చాపి, పాదం మొత్తం ఒక్కసారే ఆనించాలి. చూపు రెండు సిలీపర్ల ముందుండాలి. నాన్న మాకు నేర్పిన చదువు అదొక్కటే.

"కంకర మీద కాలెట్టకండి. సిలీపరు తప్పితే మడమ తిరిగిపోద్ది" అనేవాడు.

ఆయన మాత్రం ఏనాడూ తప్పలేదు. కంకర మీద నాన్న కాలు పెట్టగా నేను చూడలేదు. ఇక అక్క సంగతి చెప్పాలంటే, ఆ క్యారియరు పట్టుకుని పరుగెత్తినంత వేగంగా నడిచి వెళ్ళినా చారు చుక్క ఒలికేది కాదు. పట్టాల మీద పనిచేసే గ్యాంగువాళ్ళు పని ఆపి మరీ చూసేవారు. కూతురు వస్తోందంటే తల తిప్పకుండా చప్పుడు విని చెప్పేవాడు నాన్న, ఇది ఎస్తేరు, ఇది సుజాత అని. నా నడకలో అప్పుడప్పుడూ కంకర చప్పుడు వినబడేదట.

అలాంటి మనిషి కాళ్ళకు హీల్స్ తగిలించారు.

మొదటి వారంలోనే బడి వరండాలో పడింది. ఆ బంగళా వరండాలో రెండడుగుల చదరపు బండలు పరిచి ఉంటాయి. అక్క బండకొక అడుగు చొప్పున ఎత్తెత్తి వేస్తూ, కిందికే చూసుకుంటూ నడిచింది. టక్కు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ టక్కు. మూడో తరగతి పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదకొండో బండ మీద మడమ వంకర తిరిగి, చేతిలో కాపీ పుస్తకాలతో సహా కూలబడింది. మరునాటి నుంచి పిల్లలు విరామంలో ఒకరి వెనక ఒకరు నిలబడి అక్కలా నడిచే ఆట ఆడుకున్నారు. మిసెస్ విల్‌ఫ్రెడ్ పిలిచి, క్రిస్మస్ సెలవుల వరకూ చూస్తాననీ, అప్పటికి ఈ నడక మారకపోతే ఇంకొకమ్మాయి సిద్ధంగా ఉందనీ చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదే అక్కని ఎక్కువ ఏడిపించింది.

అది సెప్టెంబరు మొదటి వారం.

ఇంట్లో మొదటి తీర్మానం, నాన్నకి చెప్పకూడదని. అమ్మ భయం అమ్మది. ప్రార్థన మందిరంలో నాన్న పెద్దమనిషి, ఆడపిల్ల అలంకారాల మీద ఆయనకి కొన్ని మాటలున్నాయి, ఈ వయసులో ఆయన మనసు కష్టపెట్టడమెందుకని. కాబట్టి ఇంట్లో నడవడానికి లేదు. సందులో నడుద్దామంటే గులకరాళ్ళు, పశువుల పేడ, అన్నిటికీ మించి జనం. పక్క క్వార్టరు నాగేశ్వరమ్మ పిన్ని ఒకసారి చూసి, నెత్తి మీద బిందె పెట్టుకుని నడవమని సలహా ఇచ్చింది. ఇంకొకావిడ గోడ పట్టుకోమంది. వర్క్‌షాపు ఫిట్టరు భార్య ఒకావిడ, ఏనాడూ కాలికి జోడు వెయ్యని మనిషి, బరువంతా వేళ్ళ మీద పెట్టాలని గంటసేపు బోధించింది. సలహాలకేం, ఊరంతా ఇస్తారు.

నాకు బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఇప్పుడు ఆ బుర్రనే తిట్టుకుంటాను. మన ఊళ్ళో అంత పొడవైన ప్లాట్‌ఫారం ఉంది కదా, ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకుంటాం కదా, చదునుగా ఉంటుంది కదా, చివరి పావువంతులో పోర్టర్లు కూడా ఉండరు కదా అన్నాను. అక్క ఎగిరి గంతేసింది. ఆ రోజు నుంచి బడి అవగానే సాయంత్రం ఇద్దరం స్టేషన్‌కి పోయేవాళ్ళం. అక్క చెప్పులు విప్పి నాకిచ్చి, సంచిలోంచి హీల్స్ తీసి తొడుక్కునేది. జోళ్ళు ఒక సైజు పెద్దవి, ముందు దూది కుక్కుకునేది. ఎడం చేత్తో నా కుడిచెయ్యి పట్టుకునేది. ఇంక నడక.

నా పదకొండో తరగతి అలా పోయింది. స్నేహితులు సినిమాకి పోతుంటే నేను ప్లాట్‌ఫారం చివర అక్కకి ఊతకర్ర. అడుగు తడబడినప్పుడల్లా గోళ్ళు నా అరచేతిలో దిగేవి. నొప్పి అంటే, నీకేమే, నడిచేది నేను అనేది. బాగా నడుస్తున్నావంటే, అబద్ధాలాడకు అనేది. బాగోలేదంటే ఆ రోజు రాత్రి అన్నం తినేది కాదు. ఏం మాట్లాడాలో తెలియక నోరు మూసుకుంటే, నీకు నా మీద పట్టింపే లేదు అనేది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. టికెట్ కలెక్టరు గణపతిరావు గారు నాన్నని ఎరుగును కాబట్టి టికెట్ అడిగేవాడు కాదు గాని, రోజూ ఒకే హాస్యం. హౌరా బండిలోంచి మీ చుట్టాలు ఇంకా దిగలేదా అని. ఆయన నవ్వుతున్నంతసేపూ అక్క ఒంటికాలి మీద కొంగలా నిలబడేది.

సెప్టెంబరు పోయింది. దసరా పూజలు వచ్చాయి, బెంగాలీ అమ్మాయిలు కొత్త చీరలు కట్టుకుని, ఇంతకంటే ఎత్తు జోళ్ళతో పందిరి నుంచి పందిరికి నవ్వుకుంటూ పరుగులు తీశారు. అక్క కిటికీ మూసేసింది. వాళ్ళకెలా వస్తుందే, వాళ్ళ కాళ్ళలో ఎముకలు వేరేనా అని నన్నే అడిగింది. నాకేం తెలుసు. అక్టోబరు చివరికి అక్క పడటం తగ్గింది గాని నడక మారలేదు. అదే ఎత్తుడు, అదే చాపుడు, అదే చప్పుడు. మడమకు వేసిన రబ్బరు బిళ్ళ రెండుసార్లు అరిగిపోయి, గోల్ బజారులో చెప్పులు కుట్టే మోచీ దగ్గర మళ్ళీ వేయించాం. రెండోసారి అతను జోడు తిప్పి చూసి, దీదీ, మీరు నడుస్తున్నారా, మేకులు కొడుతున్నారా అని హిందీలో అడిగాడు.  

నవంబరు రెండో వారంలో ఒక సాయంత్రం, ప్లాట్‌ఫారం చివర, ఏటవాలు దిగి పట్టాల మీదికి పోయేచోట వెనక్కి తిరిగాం. ఎదురుగా కింద పట్టాల మధ్య నాన్న. భుజాన సుత్తి. ఆ రోజు స్టేషన్ లైన్లో మనిషి తక్కువైతే ఈయన్ని పిలిచారట. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.  అక్క నా చెయ్యి వదిలేసి, జోళ్ళు విప్పబోయి, ఒకటి విప్పి ఒకటి విప్పకుండా ఉండిపోయింది.

నాన్న జోళ్ళ వంక చూడలేదు. ప్లాట్‌ఫారం వంక చూశాడు.

"ఏటమ్మా, ప్లాటుఫారం మీద కూడా సిలీపర్లేసినారేటి?" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. మళ్ళీ నడవమన్నాడు. అక్క నడిచింది. నాన్న అటు తిరిగి, చూడకుండా, చెవి పెట్టి విన్నాడు. ప్రతి అడుగుకీ తల ఊపాడు, కీ కొట్టినప్పుడు ఊపినట్టే. తరవాత పైకెక్కి వచ్చి చెప్పాడు. నువ్వు నడుస్తున్నది సిలీపర్ల నడక, రెండడుగులకి అర అంగుళం తేడా రావడం లేదు, నేను నేర్పిందే, తప్పు నీది కాదు అని. ఈ జోడుకి అంత అడుగు పనికిరాదు, కాలు చాపి ఎత్తు మడమ ఆనిస్తే ఎవరికైనా తిరుగుతుంది అని. చూపు నేల మీంచి తియ్యాలి, అడుగు సగం చెయ్యాలి అని.

రెండు నెలలు. రోజుకి గంట. నా పరీక్షలు పాడై, నా చెయ్యి పుండై, రెండు నెలలపాటు మేం చేసింది ఏమిటంటే, వద్దన్న నడకనే ఇంకా గట్టిగా సాధన చెయ్యడం. అక్క అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చుని, చిన్నప్పటి నుంచి ఎందుకలా నేర్పావని నాన్న మీద అరిచింది. నాన్న మర్నాడు గ్యాంగులోంచి సుతిలి తాడు ముక్క పట్టుకొచ్చాడు.

ఆ తాడు సంగతి తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. సరిగ్గా ఒక అడుగు పొడవున కొలిచి, రెండు చీలమండలకీ రెండు ముళ్ళు వేశాడు.

"ఇది సగం సిలీపరు. ఇంట్లో ఉన్నంతసేపూ ఇలగే నడువు" అన్నాడు.

అమ్మ మూతి మీద కొంగు పెట్టుకుని, గేదెకి బందం వేసినట్టు ఎదిగిన కూతురికి బందం వేశాడీ మనిషి అని ఏడ్చింది. నాగేశ్వరమ్మ పిన్ని గోడ మీంచి తొంగి చూసి, తిరుపతి మొక్కా అంది. అక్క హీల్స్ వేసుకుని ఆ తాడుతోనే వంటింట్లోకి, ఆ తాడుతోనే పెరట్లోకి. రోట్లో పచ్చడి నూరడానికి ఆ తాడుతోనే. కాలు అలవాటు కొద్దీ చాచేది, తాడు లాగేది, మనిషి ముందుకు తూలేది. రోజుకి పదిసార్లు. చీలమండల దగ్గర చర్మం ఎర్రగా కమిలిపోయింది. నాన్న సాయంత్రం వచ్చి, గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని, అటు తిరిగి కూర్చుని వినేవాడు. బాగుందని ఎప్పుడూ అనలేదు. 'మళ్ళీ' అనేవాడు, అంతే.

పది రోజులయ్యాక ఒక ఆదివారం అక్కకి తిక్క రేగింది. ప్రార్థన మందిరం నుంచి వచ్చి తాడు కట్టుకుని, మూడడుగులు వేసి, పడి, లేచి, కుడికాలి జోడు తీసి విసిరింది. అది గోడ దాటి పిన్ని పెరట్లో పడింది. నాకూ అప్పటికి ఓపిక అడుగంటింది.

"నీకు రాదు. టెక్కలే ఎలిపోదాం. అక్కడ సెప్పులే అక్కర్లేదు" అన్నాను.

అనకూడని మాట. అమ్మ గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఇల్లంతా ఒకసారి చూసింది. మేకుకి తగిలించిన నాన్న ఖాకీ చొక్కా, పెరట్లో అమ్మ పెంచిన బొప్పాయి, గోడ మీద మా ఎత్తులు గీసిన బొగ్గు గీతలు. అవన్నీ రైల్వేవాళ్ళవే, మావి కావు. కింద కూర్చుని, ఊడిన ముడిని మళ్ళీ తనే వేసుకుంది. ఎళ్ళి ఆ జోడు అట్రా అని మెల్లిగా అంది. తెచ్చాను. పిన్ని ఆ జోడుతో పాటు ఇంకో సలహా కూడా ఇచ్చింది గాని అది అక్కకి చెప్పలేదు.

ఎప్పుడు మారిందో నాకు తెలియదు. డిసెంబరు మొదట్లో ఒక పూట నేను చదువుకుంటుంటే, వంటింట్లోంచి చిన్నగా, దగ్గర దగ్గరగా, ఆగకుండా చప్పుడు వచ్చింది. తలెత్తితే అక్క చారు గిన్నె పట్టుకుని వస్తోంది. కళ్ళు నేల మీద లేవు. తాడు మధ్యలో వదులుగా వేలాడుతోంది, ఎక్కడా లాగడం లేదు. గుమ్మంలో అటు తిరిగి కూర్చున్న నాన్న ఈసారి 'మళ్ళీ' అనలేదు. జేబులోంచి చిన్న కత్తి తీసి, ముక్కాలిపీట మీంచి వంగి, తాడు కోసేశాడు. తాడు లేకుండా కూడా అడుగు అంతే పడింది.

క్రిస్మస్ సెలవులకి ముందురోజు మిసెస్ విల్‌ఫ్రెడ్ అక్కకి చెప్పకుండానే పరీక్ష పెట్టింది. తన గది తలుపు వేసుకుని లోపల కూర్చుని, ఆయా చేత కబురు పంపింది. అక్క వరండా ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచి వెళ్ళి తలుపు తట్టింది. లోపలికి వెళ్ళేసరికి కాగితం సంతకం చేసి సిద్ధంగా ఉందట. చూడనే లేదు, విన్నదంతే. ఏ అకాడమీలో నేర్చుకున్నావని అడిగిందట. మా నాన్న నేర్పాడని అక్క చెబితే, పరాచికమనుకుని ఆవిడ చాలాసేపు నవ్విందట. ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రమే అమ్మ ఖరిదాలో వాటా చూడటానికి పరుగెత్తింది. పండగపూట అమ్మ ఏడవకుండా అన్నం తిన్న సంవత్సరం అదొక్కటే నాకు గుర్తు.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ. కానీ డిసెంబరు ముప్పైయొకటి ఇంకా రాలేదు.

మా గ్యాంగుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. కీమ్యాన్ ఆఖరి రోజున బీటు చివరి ముక్క ఇంట్లోవాళ్ళతో కలిసి నడుస్తాడు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర నుంచి గ్యాంగు గుడిసె దాకా, ఒక మైలు ఉంటుందేమో. దారిలో బిడ్డలు తలా ఒక కీ కొట్టాలి. ఆఖరి కీ ఆయన కొట్టి, సుత్తి గ్యాంగు పెద్దకి, అంటే మేటుకి, అప్పజెప్పాలి. గుడిసె దగ్గర దండ, బూందీ, టీ. మేటు తవిటయ్య ముందురోజే వచ్చి, బళ్ళ వేళలు చూసి, ఏ పూట రావాలో చెప్పి వెళ్ళాడు.

అక్క నెల రోజుల నుంచి ఆ రోజు కోసమే ఎదురు చూసింది. క్యారియరు తనే పడతానంది. అడుగు గిన్నెలో చారు పొయ్యమని అమ్మతో పోట్లాడి మరీ పోయించుకుంది. చిన్నప్పటిలా నడిచి చూపిస్తాను, గ్యాంగువాళ్ళు చూడాలి అంది. హీల్స్ ఇంట్లో వదిలేసి, పాత రబ్బరు చెప్పులు వేసుకుంది. అమ్మ మోకాళ్ళ నొప్పితో నేరుగా గుడిసె దగ్గరికే రిక్షాలో పోయింది. గేటు దగ్గర మేం ముగ్గురం పట్టాల మధ్యకి దిగాం. ముందు నాన్న, వెనక అక్క, ఆ వెనక నేను. చాలా వెనక జెండా పట్టుకుని తవిటయ్య.

మొదటి అడుగు సిలీపరు మీదే పడింది. రెండోది పడలేదు.

నేను కళ్ళారా చూశాను. కాలు లేచింది, సగం దూరం పోయింది, అక్కడ దిగిపోయింది. కింద సిలీపరు లేదు, కంకర. కరకరమంది. అక్క ఆగి, చూసుకుని, ఈసారి కావాలని కాలు చాచింది. చాచినట్టు చాచి మళ్ళీ సగంలోనే దించింది. మడమ మెలిక పడింది. నాలుగు అడుగులు సరిగ్గా వేసింది, అయిదోది మళ్ళీ కంకరలో. క్యారియరు ఊగి మూత పక్కనుంచి చారు కారి చీర కుచ్చిళ్ళ మీద పడింది. నేను చెయ్యి పట్టుకుందామని ముందుకు పోతే విదిలించి కొట్టింది. నాకు అంత కోపమూ ఎక్కడికి పోయిందో తెలియదు.

నాన్న ఆరు సిలీపర్లు ముందున్నాడు. తల తిప్పలేదు. తిప్పక్కర్లేదు, ఆయనకి వినబడుతోంది. మూడుసార్లు కరకరమన్నాక ఆగిపోయాడు. అలాగే అటు తిరిగి నిలబడ్డాడు, గుమ్మంలో పీట మీద కూర్చున్నట్టే.

అక్క క్యారియరు పట్టాల మధ్య దబ్బున పెట్టేసింది.

"నా కాళ్ళు పాడుసేసినావు నాన" అంది. "బడికోసం సేసినావు, సరే. ఇదెందుకు తీసేసినావు? ఇది నాదే కదా."

 నాన్న ఇటు తిరిగాడు. సుత్తి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"నాకూ రేపట్నుంచి సిలీపర్లుండవమ్మా" అన్నాడు. "దా, పక్కన నడుద్దాం."

అని, పట్టా దాటి, కంకర మీద కాలు పెట్టాడు.

ముప్పైయేడేళ్ళలో పెట్టని కాలు. అది ఆయనకి చేతకాలేదు. రెండడుగుల లెక్క అలవాటైన కాలు, ఏటవాలు కంకరలో ఎక్కడ దించాలో తెలియక గాలిలో వెతుక్కుంది. జారింది. అక్క ఒక్క అంగలో పట్టా దాటి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆ తరవాత వదల్లేదు. పక్కన కాలిబాటలో ఇద్దరూ చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ పోయారు. అక్క తన అడుగుకి ఆయన్ని అలవాటు చేస్తోంది. 'మెల్లగా' అంటోంది, ఆయన వింటున్నాడు.

కీ కొట్టాల్సినచోట ఆగి కొట్టారు. అక్క కొట్టింది, నేను కొట్టాను, ఆఖరిది నాన్న కొట్టాడు. దండలు వేశారు. బూందీ పెట్టారు. అక్క నడక సంగతి గ్యాంగువాళ్ళు ఎవరూ ఎత్తలేదు, చూసే ఉంటారు.

ఖరిదాలో పదేళ్ళున్నాడు నాన్న. సాయంత్రం అక్క బడి నుంచి వచ్చే వేళకి గుమ్మంలో అదే ముక్కాలిపీట వేసుకుని, వీధికి వీపు పెట్టి కూర్చునేవాడు. సందు మొదట్లో మడమ చప్పుడు వినబడగానే అమ్మని కేకేసి, ఎస్తేరొచ్చింది, టీ పెట్టు అనేవాడు. కంకర లేని ఆ సందులో నా నడక మాత్రం ఆయన ఇక పోల్చుకోలేకపోయేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఎవరది అని అడిగేవాడు.